‘వాయిదా అడగడం తప్ప నాకేమీ రాదేమో మేడమ్’

ప్రశ్న: మేడమ్, నాకు ఇరవై ఎనిమిదేళ్లు. 2022లో లాయరుగా ఎన్‌రోల్ అయ్యాను. తెనాలి నుంచి రోజూ రైల్లో బెజవాడ వచ్చి, సివిల్ వైపు మంచి పేరున్న ఒక సీనియర్ గారి దగ్గర చేస్తున్నాను. మూడున్నరేళ్లలో పిటిషన్లు, కౌంటర్లు బోలెడు రాశాను. కోర్టులో నిలబడి చేసింది మాత్రం వాయిదా అడగడం ఒక్కటే. నెలకి ఆరు వేలు ఇస్తారు. జూనియర్ లాయర్లకి ప్రభుత్వం ఇచ్చే లా నేస్తం డబ్బులు వచ్చినన్నాళ్లు కాస్త ఊపిరాడేది. మూడు వారాల క్రితం ఒక కోర్టులో కాల్ వర్క్‌లో (కేసులు వరసగా పిలిచే వేళ) ఉండగా పై అంతస్తులో మా ఓఎస్ (సివిల్ దావా) పిలిచారు. లిఫ్టు కోసం నిలబడి, చివరికి మెట్లెక్కి వెళ్లేసరికి మేం హాజరు కాలేదని డిఫాల్ట్ కింద కొట్టేశారు. సార్ వరండాలో, కేసు ఇచ్చిన పార్టీ ముందు, పదిమంది లాయర్లు చూస్తుండగా తిట్టారు. అప్పటి నుంచి జడ్జి గారి ముందు నిలబడితే గొంతు వణుకుతోంది. ఇంట్లో మెజిస్ట్రేట్ పరీక్ష రాసుకో, లేదంటే ఏదైనా ఉద్యోగం చూసుకో అంటున్నారు. ఈ మధ్య ఇన్‌స్టాగ్రామ్‌లో లాయర్లకి కోచింగ్ అని ప్రకటన చూశాను. ఎనిమిది వారాలు, ఇరవై నాలుగు వేలు, కాన్ఫిడెన్స్ పెంచుతారట. చేరమంటారా? లేక సీనియర్‌ని మారమంటారా?
— ఒక జూనియర్, తెనాలి

సమాధానం:

అమ్మా, నీ వయసు ఇక్కడ గుంటూరులో మా ఆఫీసు పెద్ద జూనియర్ వయసే కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

కోచింగ్ సంగతి, సీనియర్‌ని మారే సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పు, ఆ దావాని తిరిగి తెరవమని రెస్టోర్ పిటిషన్ పడిందా? నీ ఉత్తరంలో తిట్ల గురించి ఉంది, గొంతు గురించి ఉంది, ఆ దావా ఏమైందో ఒక్క ముక్క లేదు. కొట్టేసిన రోజు నుంచి ముప్పై రోజులే గడువు. మూడు వారాలు అయిపోయాయంటే చేతిలో ఉన్నది వారం, పది రోజులు, అందులో సెలవులు పోను ఎన్ని మిగులుతాయో లెక్క చూసుకో. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఇంకో పిటిషన్, దానికి ఇంకో కౌంటర్, మళ్లీ వాయిదాలు, ఈలోగా ఆ పార్టీ మీ ఆఫీసు మెట్లెక్కుతూ దిగుతూ ఉంటాడు.

ఈ రాత్రే ఈకోర్ట్స్ యాప్‌లో కేసు సీఎన్ఆర్ నంబరు కొట్టి ఆ రోజు ఏం రాశారో చూడు, రేపు వెళ్లి డాకెట్ (కేసు ఫైల్లో ఏ రోజు ఏం జరిగిందో రాసే కాగితం) కూడా చదువు. ప్రతివాది తరఫున ఎవరైనా హాజరైనట్టు ఉందా, ఇద్దరూ లేరని ఉందా? ఇద్దరూ లేకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 4, అవసరమైతే కొత్త దావా వేసుకునే దారి కూడా ఉంటుంది. ప్రతివాది వైపు మనిషి ఉండి మనం లేకపోతే రూల్ 9. అప్పుడు అదే కారణం మీద కొత్త దావా వేసే వీలే లేదు, ఈ పిటిషన్ ఒక్కటే దిక్కు. నీకు ఇది తెలియదని కాదు. తిట్లు తిన్న మనసుకి ఫైలు ముట్టుకోబుద్ధి కాదు, ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి గుర్తు చేస్తున్నాను.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్నది. ఆ రెస్టోర్ పిటిషన్ నువ్వే రాయి, వాదన కూడా నువ్వే చెప్పు. నీకు కావలసిన కోచింగ్‌లో సగం అందులోనే ఉంది.

మీ సార్‌ని ఈ మూడున్నరేళ్లలో ఎప్పుడైనా పని అడిగావా? అడిగే ఉంటావు, “సార్, నాకు కూడా అవకాశం ఇవ్వండి” అని. ఆయన “ఇద్దాంలేమ్మా” అని ఉంటారు. అవకాశం అన్న మాటకి కేసు నంబరు లేదు, తేదీ లేదు, కాబట్టి ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. సీనియర్లలో ఎక్కువమంది జూనియర్‌ని తొక్కిపెట్టాలని కూర్చోరు. రోజుకి పదిహేను కేసుల మధ్య ఎవరికి ఏది ఇవ్వాలో ఆలోచించే తీరిక ఉండదు, ఇచ్చాక చెడితే పార్టీకి జవాబు చెప్పుకోవాల్సింది తామేనన్న భయం ఉంటుంది. (నా దగ్గర ఇప్పుడు ముగ్గురు జూనియర్లు ఉన్నారు, ఆ భయం నాకూ ఉంది.) అదే ఒకమ్మాయి సాయంత్రం వచ్చి, “మేడమ్, ఫలానా ఓఎస్‌లో పద్దెనిమిదో తారీఖున పీడబ్ల్యూ 1 చీఫ్ (వాది వైపు మొదటి సాక్షి వాంగ్మూలం) ఉంది, అఫిడవిట్ వేసి కాగితాలు మార్క్ చేయించడం నేను చేస్తాను, ఏ1 నుంచి ఏ7 దాకా వరస ఇదిగో, ఏ4 జిరాక్సు కాబట్టి అవతలివాళ్లు అడ్డుపడతారు, దానికి జవాబు ఇలా అనుకుంటున్నాను” అంటే నేను కాదనలేను. కాదంటే ఎందుకో చెప్పాలి, ఆ ఎందుకో వినడం కూడా ఆ అమ్మాయికి పాఠమే.

కాబట్టి పని పేరు పెట్టి అడుగు. రేపు సాయంత్రం పార్టీలందరూ వెళ్లిపోయాక, ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టే వేళకి, పిటిషన్ డ్రాఫ్ట్ చేతిలో పట్టుకుని వెళ్లు. వట్టి చేతులతో వద్దు. “సార్, రెస్టోర్ పిటిషన్ రాసుకొచ్చాను, గడువు ఫలానా రోజుతో అయిపోతుంది, వాదన నన్నే చెప్పనివ్వండి” అను, అంతే. క్షమాపణ మళ్లీ మొదలుపెట్టకు, అది ఆ రోజే అయిపోయింది.

ఆ పిటిషన్‌లో కారణం దగ్గర ఒక్కటి గట్టిగా పట్టుకో, నిజమే రాయి. మనవాళ్లకి ఒక అలవాటుంది, డిఫాల్ట్ అయిందంటే చాలు పార్టీకి జ్వరం అని రాసేస్తారు. నేను జూనియర్‌గా ఉన్న మూడో ఏడు డైరీలో 11 బదులు 17 వేసుకున్నాను, దావా పోయింది. మా సీనియర్ గారు, ఆయన పేరు అనవసరం, పార్టీకి టైఫాయిడ్ అని అఫిడవిట్ రాయించారు. రాసింది నా చెయ్యే. అవతలి లాయరు గారు ఒక దస్తావేజు నకలు తెచ్చి పెట్టారు. మా పార్టీ అదే రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సాక్షి సంతకం పెట్టి వచ్చాడు. జడ్జి గారు ఆ కాగితం చూసి, అఫిడవిట్ చూసి, తలెత్తి నన్ను చూశారు. ఒక్క మాట అనలేదు. పిటిషన్ కొట్టేశారు, పైకోర్టులో అప్పీలు వేసి ఆ దావా తిరిగి తెచ్చుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది నాకు. అప్పటి నుంచి నా ఆఫీసులో జ్వరం అన్న మాట మెడికల్ సర్టిఫికెట్ లేకుండా ఏ అఫిడవిట్‌లోనూ రాయనివ్వను.

నీ విషయంలో నిజమే బలమైన కారణం. మా లాయరు గారి తరఫున చూసే జూనియర్ అదే సమయానికి ఫలానా కోర్టులో ఫలానా కేసులో హాజరై ఉన్నారు అని రాయించు, నువ్వున్న ఆ కోర్టు ఆ రోజు కాజ్ లిస్టు (కేసుల జాబితా) జతచెయ్యి. అఫిడవిట్ పార్టీ పేరు మీదే ఉండాలి. నీ పేరుతో వేరే అఫిడవిట్ కూడా వేద్దామని మీ సార్ అంటే మాత్రం వాదన ఇంకొకరు చెప్పాలి, తానే సాక్షి అయిన చోట లాయరుగా నిలబడకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది కదా. తీర్పు కావాలంటే రఫీక్ వర్సెస్ మున్షీలాల్, సుప్రీంకోర్టు, 1981. లాయరు రాకపోతే ఆ నష్టం ఏ తప్పూ ఎరగని పార్టీ మీద పడకూడదన్న తీర్పు. చిన్నదే, తెనాలి నుంచి బెజవాడ వచ్చేలోపు రెండుసార్లు చదవచ్చు. కోర్టు ఖర్చులు కట్టమంటే అది పార్టీ మీద వేయకూడదని మీ సార్‌తో ముందే మాట్లాడుకో.

ఇక ఆ డిఫాల్ట్ ఎందుకు జరిగింది? నీ నిర్లక్ష్యం అని నువ్వు అనుకుంటున్నావేమో, నాకు అలా అనిపించలేదు. 2022 ఆగస్టులో తెరిచిన బెజవాడ కోర్టుల కొత్త భవనానికి పని మీద వచ్చినప్పుడల్లా చూస్తున్నాను, పదిన్నరకి అన్ని అంతస్తుల్లోనూ ఒకేసారి కాల్ వర్క్, ఒక్క మనిషి చేతిలో ఆరేడు కేసులు, లిఫ్టు దగ్గర నల్లకోట్ల గుంపు. ఇది ఒకరి కాళ్ల మీద నడిచే పని కాదు. ముందు రోజు రాత్రి కాజ్ లిస్టు తీసి, ఏ కేసు ఏ అంతస్తులో, ఎన్నో నంబరు, ఏ దశలో ఉందో చిన్న కాగితం మీద రాసుకో. వాయిదా మాత్రమే అవసరమైనవి ఒక వైపు, పిలిచినప్పుడు లేకపోతే దావానే పోయేవి ఇంకో వైపు. నీ అడుగులు రెండో వైపుకే పడాలి. మొదటి వాటికి ఆ కోర్టులోనే ఉండే స్నేహితురాలెవరినైనా రిప్రజెంట్ చేయమను, ఆమె కేసులు నువ్వు చూడు. పదీ పావుకల్లా బెంచ్ క్లర్క్ దగ్గరికి వెళ్లి, “సార్, కింద కోర్టులో ఉన్నాను, మా కేసు పాస్ ఓవర్ (కాసేపాగి మళ్లీ పిలవడం) అడుగుతాను” అని చెవిన వెయ్యి. అవతలి జూనియర్‌తో కూడా ఒక మాట చెప్పుకో. ఇవన్నీ చేసినా రెండు చోట్ల ఒకేసారి పిలిచే రోజులు వస్తాయి. ఆ రాత్రి కాగితం మీ సార్‌కి వాట్సాప్‌లో పెట్టి ఉంటే, ఎవర్ని ఎక్కడికి పంపాలో ఆయన ముందే చూసుకుంటారు. తప్పు నీ ఒక్కదాని నెత్తిన ఉండదు.

వరండాలో తిట్టిన సంగతి. దాన్ని వదిలేయమని నేను చెప్పను. తప్పు జరిగితే సీనియర్ అంటారు, అనాలి కూడా, కానీ పార్టీ ముందు కాదు. ఇది పరువు మాటగా చెబితే ఆయనకి కోపం రావచ్చు, పని మాటగా చెప్పు. “సార్, లోపల ఎంతైనా అనండి, వింటాను. పార్టీ ముందు అంటే రేపు ఆ పార్టీ నాకు కాగితం ఇవ్వడు, ఫోనెత్తడు, పని మీ మీదే పడుతుంది.” ఇదే మాట, ఇంతే పొడవు. చెప్పే ముందు ఇంట్లో రెండుసార్లు పైకి అనుకుని చూడు. చాలామంది సీనియర్లు ఆ రోజు చిరాకు పడి, మర్నాటి నుంచి మారతారు. ఆర్నెల్లు చూసినా మారకపోతే అప్పుడు మారాల్సింది నువ్వు.

ఇంకొన్ని ఉన్నాయి, వాటికి ఆర్నెల్లు కాదు ఒక్క రోజు కూడా ఆగక్కర్లేదు. పార్టీ సంతకం నిన్ను పెట్టేయమంటే, బూతులు మాట్లాడితే, చెయ్యి వేస్తే. నువ్వు రాయలేదు కాబట్టి లేవనే అనుకుంటున్నాను. చివరిది ఉంటే మాత్రం దాచుకోకు. 2013 చట్టం కింద ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి, పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట్ల నుంచి ఫిర్యాదులు తీసుకునేది ఆ కమిటీయే.

గొంతు వణకడం. నేను మొదటిసారి క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేసిన సాక్షి పొన్నూరు వైపు పెద్దాయన, పొలం గట్టు తగాదా. ముప్పై ప్రశ్నలు రాసుకుపోయాను, ఒక్కో ప్రశ్న నాలుగు లైన్లు. “మీ పొలానికి తూర్పున ఉన్న గట్టు మీ నాన్నగారి కాలం నుంచి ఉన్నదేనని, దాన్ని మీరే 1998లో జరిపారని, ఆ జరిపినప్పుడు మా పార్టీ ఊళ్లో లేడని నేనంటున్నాను, ఏమంటారు?” ఆ పెద్దాయన నా ముఖం వంక చూసి, “ఏదానికి చెప్పమంటావమ్మా?” అన్నాడు. కోర్టంతా నిశ్శబ్దం, నా గొంతులోంచి మాట రాలేదు. జడ్జి గారు పెన్ను కింద పెట్టి, “అమ్మా, ఒక్క ప్రశ్నకి ఒక్క సంగతి అడగండి, నేనూ రాసుకోవాలి కదా” అన్నారు, మెత్తగానే. గట్టు ఉందా? ఉందండి. ఎవరు వేశారు? మా నాయన. ఇప్పుడు ఆ చోటే ఉందా? ఆయన ఆగాడు. ఆ ఆగడం చూశాక నా గొంతు దానంతటదే సర్దుకుంది, ఎందుకంటే అప్పుడు నా ధ్యాస నా మీద లేదు, ఆయన మీద ఉంది.

అందుకని గొంతు బాగుచేసుకోవడానికి అద్దం ముందు ఉపన్యాసాలు ఏమీ చెప్పుకోనక్కర్లేదు. నిలబడే ముందు ఒక చీటీ మీద మూడు లైన్లు రాసుకో: ఇది ఏ పిటిషన్, నేను ఎవరి తరఫున, నాకేం కావాలి. మొదటి మాట చూసి చదువు, తప్పు లేదు. ఇంగ్లీషు అడ్డం వస్తే తెలుగులో చెప్పు, సాక్షులందరూ మాట్లాడేది తెలుగే, జడ్జి గారికీ తెలుసు. చూడాల్సిన పేజీకి చీటీ అంటించుకుని వెళ్లు, పేజీ నంబరు చెప్పాక ఆయన తల కిందికి వంచి అటు చూస్తారు, నువ్వు ఊపిరి పీల్చుకోవడానికి ఆ రెండు క్షణాలు చాలు. అయితే రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, కోర్టు అనుకుంటేనే గుండె దడ, ఇవి వారాల తరబడి ఉంటే అది వేరే సంగతి, డాక్టరుకి చూపించు. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసి మాట్లాడినా తెలుగులో వింటారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇప్పుడు ఇరవై నాలుగు వేల సంగతి. నీకొచ్చేది ఆరు వేలు, అంటే నాలుగు నెలల జీతం. కోచింగ్ అన్నదాన్ని నేను కొట్టిపారేయను. మంచి కోచ్ నీకు చట్టం నేర్పడు, సలహా కూడా తక్కువే ఇస్తాడు. ఏం కావాలి నీకు, ఇప్పుడు ఎక్కడున్నావు, ఏయే దారులున్నాయి, ఈ వారం ఏం చేస్తావు అని అడుగుతాడు, వచ్చే వారం చేశావా అని మళ్లీ అడుగుతాడు. ఆ మళ్లీ అడగడంలోనే దాని విలువంతా ఉంది. ఒంటరిగా ప్రాక్టీసు పెట్టిన వాళ్లకి, పదేళ్లు దాటాక ఎటు పోవాలో తోచని వాళ్లకి అది బాగా పనికొస్తుంది. నీకు ఇప్పుడే వద్దంటాను. మీ సార్‌ని ఒక్క కేసు పేరు పెట్టి అడగకుండానే నాలుగు నెలల డబ్బు పోసి, అడగడం ఎలాగో ఎనిమిది వారాలు నేర్చుకోవడం నాకు సమ్మతం కాదు. కాన్ఫిడెన్స్ పెంచుతాం అని తప్ప ఇంకేమీ చెప్పని ప్రకటన అయితే అసలే వద్దు. ఎప్పుడైనా చేరాలనిపిస్తే, జిల్లా కోర్టు లాయర్లతో ఇంతకుముందు పనిచేశారా, వాళ్లలో ఒకరితో నన్ను మాట్లాడనిస్తారా, మధ్యలో మానేస్తే డబ్బు ఎంత వెనక్కిస్తారు అని అడిగి, జవాబు నచ్చితేనే కట్టు. కోచ్‌తో అయినా పార్టీ పేరు, కేసు వివరం చెప్పకూడదు. పార్టీ మనతో చెప్పుకున్నది బయటపెట్టకూడదని కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 132 కట్టుబాటు, ఎదుటివాళ్లు కోచ్ అయినంత మాత్రాన అది సడలదు.

డబ్బు ఖర్చు లేకుండా మేం చేసింది ఒకటి చెబుతాను. గుంటూరు బ్రాడీపేటలో మా స్నేహితురాలి ఇంటి మేడ మీద ముగ్గురం లేడీ లాయర్లం రెండేళ్లు రెండో శనివారాలు కూర్చున్నాం. ఒక్కొక్కరికి నలభై నిమిషాలు. ఒకరు తన ఇబ్బంది చెబితే మిగతా ఇద్దరూ ప్రశ్నలే అడగాలి, సలహా ఇవ్వకూడదు. మొదట్లో ఎంత కష్టమో, నోటి దాకా వచ్చిన సలహా మింగాలి. చివర ఆమె ఒక పని, ఒక తేదీ చెప్పి లేవాలి, వచ్చే నెల అక్కడి నుంచే మొదలు. నేను సొంత ఆఫీసు పెట్టుకున్నది ఆ మేడ మీద చెప్పిన తేదీకే. నీతోపాటు తెనాలి నుంచి రైల్లో వచ్చే జూనియర్లు ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు. వాళ్లని అడుగు.

స్టైపెండ్ దగ్గర కూడా నోరు విప్పు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో జూనియర్లకి నెలకి 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వమని సీనియర్లకి చెప్పింది. అది సూచనే, కట్టి తీరాలని కాదు, మన దగ్గర చాలా ఆఫీసుల్లో అంత ఇచ్చే స్తోమత కూడా లేదు. అయినా మూడున్నరేళ్ల తర్వాత ఆరు వేలు తక్కువ. నువ్వు మొదటి నుంచి చివరిదాకా రాసిన పిటిషన్లకి ఫీజులో ఇంత అని మాట్లాడుకోవడం ఇద్దరికీ సులువు. రెస్టోర్ పిటిషన్ అలో అయిన వారం ఆ మాటెత్తు, ఈ వారం వద్దు.

మెజిస్ట్రేట్ పరీక్ష నీకు మనసుంటే రాయి, భయపడి మాత్రం రాయకు. జడ్జి అయ్యాక కోర్టు హాల్లో అందరూ చూసేది నిన్నే. 2025 మేలో సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న షరతు మళ్లీ తెచ్చింది, ఆ మూడేళ్లు నీకు ఉన్నాయి. పదేళ్ల ప్రాక్టీసు ఉన్న లాయరు సర్టిఫికెట్ ఇస్తే దాని మీద ఆ జిల్లా లేదా ఆ ఊరి ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరణ ఉండాలి, కాబట్టి ఆ సర్టిఫికెట్ కోసం కూడా రేపు నువ్వు వెళ్లాల్సింది మీ సార్ దగ్గరికే. మారినా పోట్లాడి మారకు. మారాక పాత ఆఫీసు పార్టీ ఎవరైనా నీ వెంట వస్తానంటే మీ సార్ సమ్మతి తీసుకోకుండా వకాలత్ వేయకు.

ఇవన్నీ తర్వాత. ఈ రాత్రి యాప్‌లో కొట్టేసిన తేదీ చూసి, దానికి ముప్పై కలిపి, వచ్చిన తారీఖు డైరీలో ఎర్ర ఇంకుతో రాసుకుని, అఫిడవిట్ మొదటి పేరా మొదలుపెట్టు. పార్టీకి ఫోన్ చేసి సంతకానికి ఎల్లుండి రమ్మను, నువ్వే చెయ్యి ఆ ఫోన్. కోపంగా మాట్లాడతాడేమో, మాట్లాడనీ. దావా మళ్లీ నంబరు మీదికి తెచ్చే కాగితం రాస్తున్నది నేనేనండీ అని అతనికి చెప్పు.